మందుకు లొంగని క్రిమి: మేరీ బార్బర్ లెక్కలు

2018లో మన పూర్వ విద్యార్థుల సమావేశానికి మా నాన్నగారు చేతికర్రతో వచ్చారు. లెక్కల మాస్టారి చేతిలో బెత్తం అందరం చూసినవాళ్లమే గానీ, ఆయన కర్ర ఊతంగా పట్టుకుని నడవడం అంతకుముందు ఎవరూ చూడలేదు. "ఏమైంది మాస్టారూ?" అని అడిగిన ప్రతివాళ్లకీ ఆయన చెప్పిన జవాబు ఒకటే: "ఒక సూక్ష్మజీవి నాకంటే బాగా లెక్కలు నేర్చుకుందిరా." అందరూ నవ్వారు. ఆ మాట వెనక సంగతి మళ్లీ ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఆయన పోయి మూడేళ్లు దాటింది. స్వర్ణోత్సవ సంచికకు మాస్టారి గురించి రాయమని కమిటీ మిత్రులు అడిగినప్పుడు, ఆయన పాఠాల గురించి మీరందరూ నాకంటే బాగా రాస్తారనిపించింది. నేను ఆ కర్ర సంగతి రాస్తాను. ఇందులో ఆయన పాత్ర కొంచెమే. ఎక్కువ భాగం డెబ్బై ఎనభై ఏళ్ల కిందట లండన్ ఆసుపత్రుల్లో పనిచేసిన మేరీ బార్బర్ అనే డాక్టరమ్మది.

2016 వేసవిలో నగరంలోని ఒక ఆసుపత్రిలో నాన్నగారికి మోకాలి మార్పిడి ఆపరేషన్ జరిగింది. మూడోరోజున నాలుగు అడుగులు వేయించారు. తొమ్మిదోరోజున కుట్ల దగ్గర ఎర్రబడి చీము పట్టింది. చీమును పరీక్షకు పంపితే రెండురోజుల తర్వాత ఒక కాగితం చేతికిచ్చారు. పైన క్రిమి పేరు: స్టెఫైలోకాకస్ ఆరియస్. కింద వరసగా మందుల పేర్లు, ఒక్కోదాని ఎదురుగా ఒక్కో అక్షరం. 'ఎస్' అంటే క్రిమి ఆ మందుకు లొంగుతుంది, 'ఆర్' అంటే లొంగదు. పెన్సిలిన్ ఆర్. ఆక్సాసిలిన్ ఆర్. ఎరిత్రోమైసిన్ ఆర్. సిప్రోఫ్లాక్సాసిన్ ఆర్. అట్టడుగున వాంకోమైసిన్, లినెజోలిడ్ దగ్గర మాత్రం ఎస్ కనిపించింది. పదోతరగతి ప్రోగ్రెస్ కార్డులో అన్ని సబ్జెక్టులూ తప్పిన కుర్రాడి మార్కులు చూసినట్టు ఆ కాగితం చూశారు నాన్నగారు. ఆ తర్వాత మోకాలు మళ్లీ రెండుసార్లు తెరవాల్సి వచ్చింది.

మీలో కొందరికి తెలుసు, నా ఉద్యోగం ఏసీ డక్టులది. ఆపరేషన్ థియేటర్లకు గాలి ఎంత రావాలి, ఎటునుంచి ఎటు పోవాలి అన్నది నేను పాతికేళ్లుగా చేస్తున్న పని. ఆ ఆసుపత్రిలో థియేటర్ తలుపు మూసుకుపోకుండా స్టూలు అడ్డం పెట్టడం నేను కళ్లారా చూశాను. నాన్నగారికి క్రిమి ఆ తలుపు వల్లే వచ్చిందని నేననను, రుజువు లేదు. కానీ కోపం రావడానికి అది చాలు. ఆ కోపంతోనే సెల్లార్‌లో ఉన్న ల్యాబుకు వెళ్లి, మైక్రోబయాలజీ మేడం ఎదుట నిలబడి, "ఈ క్రిమి ఎక్కణ్ణుంచి వచ్చింది?" అని గట్టిగానే అడిగాను. ఆవిడ రిటైర్మెంటుకు దగ్గర్లో ఉన్న మనిషి. నొచ్చుకోలేదు. "సరైన ప్రశ్నే అడిగారు. ఈ ప్రశ్న మీకంటే ముందు మేరీ బార్బర్ అడిగింది. ఆవిడ పేపర్లు చదివి రండి, అప్పుడు మాట్లాడుకుందాం" అన్నారు. నాన్నగారి మంచం పక్కన ఆరువారాలు కూర్చోవలసి వచ్చింది. చదవడానికి తీరిక ఉంది.

పెన్సిలిన్ కథ మనం ఎనిమిదో తరగతిలోనే చదువుకున్నాం. 1928లో ఫ్లెమింగ్, బూజు పట్టిన పళ్లెం. ఆ బూజులోని సారాన్ని మందుగా మార్చింది ఆక్స్‌ఫర్డ్‌లో ఫ్లోరీ, చెయిన్, వాళ్ల బృందం. 1941 ఫిబ్రవరిలో చీముపట్టి చావుకు దగ్గరైన ఒక పోలీసుకు మొదటగా ఎక్కించారు. మనిషి లేచి కూర్చున్నాడు. మందు అయిపోయింది. అతని మూత్రం నుంచి పెన్సిలిన్‌ను తిరిగి తీసి మళ్లీ ఎక్కించినా చాలక, నెల తిరిగేసరికి చనిపోయాడు. పాఠంలో లేని సంగతి ఒకటుంది. ఆ పోలీసుకు సూది పడకముందే, 1940 డిసెంబరులో, అదే బృందంలోని అబ్రహాం, చెయిన్ ఒక చిన్న నివేదిక అచ్చువేశారు: కొన్ని బాక్టీరియాల్లో పెన్సిలిన్‌ను విరగ్గొట్టే ఎంజైము ఉంది. దానికి పెన్సిలినేజ్ అని పేరు పెట్టారు. మందు బజారుకు రాకముందే దాని విరుగుడు మనకు తెలుసన్నమాట.

1945లో నోబెల్ ఉపన్యాసంలో ఫ్లెమింగ్ ఒక హెచ్చరిక చేశాడు. చాలీచాలని మోతాదులో మందు వాడితే క్రిమి చావదు సరికదా, మందును తట్టుకోవడం నేర్చుకుంటుంది అని. అందరికీ అర్థమయ్యే మాట. తప్పు రోగిది, మందు సగంలో ఆపినవాడిది. మేరీ బార్బర్ చూసింది దీనికి కాస్త భిన్నమైన దృశ్యం.

ఆవిడ 1911లో పుట్టింది. ఆడవాళ్లను మిగతా వైద్య కళాశాలలు చేర్చుకోని రోజుల్లో వాళ్ల కోసమే 1874లో లండన్‌లో పెట్టిన కళాశాలలో డాక్టరీ చదివింది. యుద్ధం ముగిసేనాటికి హామర్‌స్మిత్ ఆసుపత్రిలో బాక్టీరియాలజిస్టు. యుద్ధంలో సైనికుల కోసం దాచిన పెన్సిలిన్ అప్పుడప్పుడే మామూలు వార్డులకు చేరుతోంది. ఆవిడ చేసిన పని చెప్పుకోవడానికి చాలా చిన్నది. వార్డుల నుంచి తన బల్ల మీదికి వచ్చే స్టెఫైలోకాకస్‌లను ఒక్కోదాన్నీ పెన్సిలిన్‌తో పరీక్షించి, లొంగనివి ఎన్నో లెక్కపెట్టింది. మరుసటి ఏడాది మళ్లీ లెక్కపెట్టింది. ఆ పై ఏడాది మళ్లీ. 1946లో లొంగనివి నూటికి 14.1. 1947లో 38. 1948లో 59.

నేను ఈ అంకెలు చదువుతుంటే నాన్నగారు మంచం మీంచి ఆపారు. "14.1 ఎలా వచ్చిందిరా? వందమందైతే 14 రావాలి, లేకపోతే 15. మనిషిలో పదోవంతుకు చీము పట్టదు కదా." నేను మళ్లీ చూశాను. 1946లో పరీక్షించిన రోగులు 99 మంది, మిగతా రెండేళ్లూ వందేసి మంది. "పద్నాలుగును తొంభై తొమ్మిదితో భాగించు" అన్నారు. 14.14. ఆయన ముఖం వారంరోజుల్లో మొదటిసారి వెలిగింది. ఒక సున్నా పెంచో, ఒక రోగిని కలిపో గుండుగుత్తగా వంద చేయలేదు గనుక ఆవిడ మీద ఆయనకు గురి కుదిరింది. అక్కణ్ణుంచి రోజూ "ఇవాళ మీ బార్బరమ్మ ఏం చేసింది?" అని అడిగేవారు.

లెక్క ఎవరైనా పెట్టగలరు. ఆవిడ గొప్పతనం ఆ లెక్కను అర్థం చేసుకోవడంలో ఉంది. మూడేళ్లలో 14 నుంచి 59కి పెరగడం అంటే ఏమిటి? ఫ్లెమింగ్ మాట ప్రకారం ఒక్కో రోగి ఒంట్లో ఒక్కో క్రిమి విడిగా పాఠం నేర్చుకుంటూ ఉండాలి. ప్రయోగశాలలో అలా నేర్పవచ్చు కూడా. కొంచెం కొంచెంగా పెన్సిలిన్ పెంచుకుంటూ పోతే క్రిమి అలవాటుపడుతుంది. కానీ అలా తయారైన క్రిమి నీరసంగా ఉంటుంది, పెన్సిలినేజ్ తయారు చేయదు. వార్డులో దొరికినవి అలా లేవు. అవి పుష్టిగా ఉన్నాయి, ఎంజైమును దండిగా తయారుచేస్తున్నాయి. పెన్సిలిన్ ముఖం ఎరగని రోగుల్లో కూడా అలాంటివి ఉన్నట్టు అమెరికాలో కిర్బీ 1944లోనే చూపించాడు. అంటే అవి మందు రాకముందు నుంచీ అక్కడక్కడా ఉన్నవే. పెన్సిలిన్ వాటికి గురువు కాదు, జల్లెడ. లొంగేవాటిని రాల్చేసింది, లొంగనివాటికి చోటు ఖాళీ చేసి పెట్టింది.

ఆ ఖాళీలోకి అవి నడిచి వెళ్లలేవు. ఎవరో మోసుకెళ్లాలి. ఎవరు? దీనికి జవాబు ఫేజ్‌ల పద్ధతిలో దొరికింది. ఫేజ్ అంటే బాక్టీరియాను తినే వైరస్. ఒక పళ్లెం నిండా క్రిమిని పెంచి, దాని మీద రకరకాల ఫేజ్‌లను చుక్కలుగా పెడతారు. ఏ చుక్క దగ్గర క్రిమి కరిగి ఖాళీ ఏర్పడిందో చూస్తే ఆ వరుస ఆ క్రిమికి వేలిముద్రలాంటిది. బార్బర్, ఆవిడ సహచరులు వేలిముద్రలు తీశారు. వేరువేరు రోగుల్లో వేరువేరుగా తయారైన క్రిములైతే ముద్రలు చిందరవందరగా ఉండాలి. మందుకు లొంగనివాటి ముద్రలు చాలావరకు ఒకే కుటుంబానివి. ఊళ్లో వరస దొంగతనాలు జరిగితే ఇంటికో దొంగ పుట్టాడనుకున్నాం, తీరా చూస్తే పాత ముఠా ఒక్కటే ఇల్లిల్లూ తిరుగుతోంది.

1948లో ఆవిడ సెయింట్ థామస్ ఆసుపత్రికి మారింది. అక్కడ కాన్పుల విభాగంలో పసిబిడ్డల మీద చేసిన పరిశోధన నన్ను బాగా ఆపేసింది. నేను ఇంజినీరుని కాబట్టి నా బుర్రకు ఎక్కిన తీరులో చెబుతాను. పుట్టి నాలుగురోజులైన బిడ్డ కంటి పుసిలో పెన్సిలిన్‌కు లొంగని స్టెఫైలోకాకస్ దొరికితే, ఆ బిడ్డ మందు సగంలో ఆపేసిందని అనగలమా? అది కన్ను తెరిచి చూసిన ప్రపంచమే ఆసుపత్రి. అక్కడి చేతులు, అక్కడి ముక్కులు, అక్కడి దుప్పట్లు. స్టెఫైలోకాకస్‌కు మనిషి ముక్కు సొంతిల్లు. ఒంటిమీద ఒక్క కురుపు లేని ఆరోగ్యవంతులు కూడా దాన్ని ముక్కులో పెట్టుకుని తిరుగుతుంటారు. సెల్లార్‌లో మేడం నన్ను ఈ పేపర్లు చదవమని ఎందుకు పంపిందో ఇక్కడికి వచ్చేసరికి తెలిసింది. నేను ఒక దోషిని అడిగాను. బార్బర్ చూపించింది ఒక దారిని.

ఆ 1948లోనే అట్లాంటిక్ అవతల ఇంకో సంగతి జరిగింది, అది మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారికి సంబంధించింది. ఆయన లెడర్లీ సంస్థలో పరిశోధన విభాగానికి అధిపతి. ఆయన విభాగంలో పనిచేసిన డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్త మట్టిలోని సూక్ష్మజీవి నుంచి తీసిన ఆరియోమైసిన్ ఆ ఏడాది లోకానికి వచ్చింది. టెట్రాసైక్లిన్ల కుటుంబానికి అది పెద్దది. మందు రంగు బంగారు పసుపు, అందుకే 'ఆరియో'. చిత్రం ఏమిటంటే స్టెఫైలోకాకస్ 'ఆరియస్' అన్నా బంగారు రంగుదనే అర్థం. మన స్వర్ణోత్సవ సంచికలో రెండు బంగారాలూ చేరాయి. పెన్సిలిన్‌కు లొంగని క్రిమి ఆరియోమైసిన్‌కు లొంగింది. సుబ్బారావుగారు అదే ఏడాది ఆగస్టులో కన్నుమూశారు. ఆ మందుకు కూడా ఎదురుతిరిగిన స్టెఫైలోకాకస్‌లు ఆసుపత్రుల్లో నిండడం ఆయన చూడలేదు. దానికి పది సంవత్సరాలు కూడా పట్టలేదు. ఎరిత్రోమైసిన్ వస్తే దాని కథా అంతే. 1950లలో ఆస్ట్రేలియాలో ఫిలిస్ రౌంట్రీ గుర్తించిన ఒక మొండి రకం ప్రసూతి ఆసుపత్రుల వెంట దేశదేశాలు తిరిగింది.

ఇక్కడ నా వృత్తి మాట ఒకటి చెప్పనివ్వండి. ఆ రోజుల్లోనే ఇంగ్లండ్‌లోని మిడిల్స్‌బరోలో బ్లోయర్స్ అనే బాక్టీరియాలజిస్టు, ఛాతీ ఆపరేషన్ల పుండ్లు ఎందుకు చీము పడుతున్నాయని వెతికాడు. థియేటర్‌లో వేడిగాలి, ఆవిరి బయటికి పోవడానికి ఫ్యాన్లు పెట్టారు. అవి లోపలి గాలిని బయటికి లాగుతుంటే, ఆ లోటు పూడ్చడానికి తలుపు సందుల్లోంచి వార్డుల వైపు గాలి, దుప్పట్ల దుమ్ముతో సహా, థియేటర్‌లోకి వచ్చి పడుతోంది. ఏ ఇంజినీరో మంచి ఉద్దేశంతో పెట్టిన ఫ్యానే అది. దిశ మార్చారు. శుభ్రమైన గాలిని లోపలికి నెట్టి, థియేటర్‌లో ఒత్తిడి బయటికంటే ఎక్కువ ఉండేలా చేశారు, దుప్పట్ల సంగతీ చూశారు. చీము పట్టడం తగ్గింది. ఇవాళ నేను వేసే ప్రతి థియేటర్ డ్రాయింగులో గాలి బాణం గుర్తు లోపలినుంచి బయటికి ఉంటుంది. తలుపుకు స్టూలు అడ్డం పెట్టారంటే నేను లెక్కగట్టిన ఒత్తిడి నిలవదు. పాతికేళ్లు బాణం గుర్తులు గీశాను గానీ, అది ఎవరి పుండులోంచి వచ్చిందో నాన్నగారి మంచం పక్కన కూర్చునేదాకా నాకు తెలియదు. మాకు కాలేజీలో చెప్పలేదు. చెప్పి ఉంటే బాగుండేది.

"సరే, ఈ లెక్కన పోతే 1950 దాటాక నూటికి నూరా?" అన్నారు నాన్నగారు. "ఎప్పుడైనా తగ్గిందా?"

తగ్గింది. బార్బర్ 1958లో తిరిగి హామర్‌స్మిత్ వచ్చింది. అక్కడ సహచరులతో కలిసి ఆసుపత్రి మొత్తానికి ఒక కట్టుబాటు పెట్టింది. పెన్సిలిన్ అవసరమైనచోటే, ముందుజాగ్రత్త పేరుతో వద్దు. మిగతా యాంటీబయాటిక్‌లు ఇవ్వాల్సి వస్తే రెండేసి కలిపి, ఒకదాని నుంచి తప్పించుకున్న క్రిమిని రెండోది పట్టేలా. దీనికి తోడు రోగి నుంచి రోగికి పాకకుండా జాగ్రత్తలు. పెద్ద డాక్టర్లకు మందుచీటీ విషయంలో ఇంకొకరు హద్దు గీయడం ఏ దేశంలోనైనా రుచించదు. అయినా జరిగింది. ఫలితాలు 1960లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. లొంగని స్టెఫైలోకాకస్‌ల వాటా వెనక్కి మళ్లింది. ఒక్క పెన్సిలిన్ విషయంలోనే కాదు, మిగతా మందుల విషయంలోనూ.

ఇంజినీరుగా నాకు ఇందులో ఒక అసంతృప్తి ఉంది. ఒకేసారి మూడు మరలు తిప్పారు. దేనివల్ల ఎంత తగ్గిందో ఎలా తెలుస్తుంది? రెండేసి మందులు కలిపి వాడాలన్న నియమం తర్వాతి కాలంలో అంతగా నిలవలేదు. వాడకం తగ్గించడం, పాకకుండా ఆపడం నిలిచాయి. ఇవాళ పెద్ద ఆసుపత్రులు యాంటీబయాటిక్ పాలసీ అని గోడకు తగిలించేవాటికి ఇదే తాత. ఈ సందేహం మేడంతో అంటే, "మీ ఫ్యాక్టరీలో మంటలు లేస్తే ఒక్కో బకెట్టూ విడివిడిగా పోసి చూస్తారా?" అన్నారు. నిజమే, కానీ నా అసంతృప్తి నాకు అలాగే ఉంది.

అదే 1960లో పెన్సిలినేజ్ విరగ్గొట్టలేని కొత్త పెన్సిలిన్, మెథిసిలిన్, వాడకంలోకి వచ్చింది. గొడవ తీరిందనుకున్నారు. 1961 జనవరిలో ప్యాట్రీషియా జెవన్స్ ఒక చిన్న ఉత్తరం అచ్చువేసింది. అయిదువేల పైచిలుకు స్టెఫైలోకాకస్‌లను పరీక్షిస్తే మూడు మెథిసిలిన్‌కు లొంగలేదు, మూడూ ఒకే ఆసుపత్రివి. నాన్నగారి మోకాల్లో ఉన్నది ఆ వంశమే, ఇవాళ అందరూ ఎంఆర్‌ఎస్‌ఏ అంటున్నది. బార్బర్ వెంటనే వాటిమీద పడింది. ఆ క్రిముల్లో ఒక చిక్కు ఉంది. ఒకే కల్చర్‌లో ఎక్కువ భాగం మందుకు లొంగినట్టే కనిపిస్తాయి, ఏ కొన్నో మాత్రం బతుకుతాయి. పరీక్ష చేసేవాళ్లు మోసపోతారు. పళ్లెంలో ఉప్పు ఎక్కువ వేస్తే ఆ దాగిన లొంగనితనం బయటపడుతుందని 1964లో ఆవిడ చూపించింది. మన ఆవకాయ జాడీలో మిగతా క్రిములను తరిమే ఉప్పును స్టెఫైలోకాకస్ తట్టుకుంటుందని తెలుసు గానీ, అదే ఉప్పుతో దాని గుట్టు లాగవచ్చునన్నది నాకు కొత్త. ఉప్పు కలిపిన పళ్లేలు ఆ తర్వాత చాలా దశాబ్దాలు ఎంఆర్‌ఎస్‌ఏ పరీక్షలో వాడారు.

1963లో ఆవిడ ప్రొఫెసరైంది. అదే ఏడాది గారాడ్‌తో కలిసి రాసిన యాంటీబయాటిక్ పాఠ్యపుస్తకం వెలువడింది. ఆ పుస్తకం తర్వాతివాళ్ల చేతుల్లో కూర్పుల మీద కూర్పులు పడుతూ ఈ శతాబ్దం దాకా వచ్చింది. మొదటి కూర్పు తర్వాతివి ఆవిడ చూడలేదు. 1965 సెప్టెంబరులో కారు ప్రమాదంలో చనిపోయింది. 54 ఏళ్లు. నా వయసు కంటే ఒకటి తక్కువ.

ఆవిడకు తెలిసే వీల్లేని సంగతి ఒకటి 2017లో బయటపడింది. ఆ తొలి ఎంఆర్‌ఎస్‌ఏల జన్యువులను చదివి వెనక్కి లెక్కగడితే, మెథిసిలిన్‌కు లొంగని గుణం వాటికి 1940ల నడుమనే వచ్చి చేరిందని తేలింది. మెథిసిలిన్ పుట్టడానికి పద్నాలుగేళ్ల ముందు. దాన్ని పెంచింది అప్పటి పెన్సిలిన్ జల్లెడే. అంటే హామర్‌స్మిత్‌లో ఆవిడ 14.1 లెక్కగట్టిన రోజులకే ఆ ముఠా బయలుదేరి ఉంది. ఇంగ్లండ్‌లో అది ముదిరి 2000 తర్వాత పెద్ద గగ్గోలైంది. రక్తంలో ఎంఆర్‌ఎస్‌ఏ కేసులను 2008కల్లా సగానికి దించాలని 2004లో ప్రభుత్వం గురి పెట్టుకుంది. దించారు. కొత్త మందుతో కాదు, చేతులు కడుక్కోవడం, సూదిగొట్టాలు శుభ్రంగా పెట్టడం, ప్రతి కేసునూ లెక్కపెట్టి పైకి పంపడం వంటి పనులతో.

నాన్నగారు వాంకోమైసిన్‌తో బయటపడ్డారు. మోకాలు పూర్తిగా వంగలేదు, అందుకే కర్ర. డిశ్చార్జి ముందురోజు మేడం దగ్గరికి ఆయన్ను చక్రాల కుర్చీలో తీసుకెళ్లాను. నేను పోట్లాడిన సంగతి ఆవిడ ఎత్తలేదు. ఈయన మాత్రం, "ఈ ఆసుపత్రిలో నూటికి ఎంతమ్మా?" అని అడిగారు. ఆవిడ కాసేపు ఆగి, ఒక రిజిస్టరు తీసి ఆయన ముందు పెట్టింది. ఇద్దరూ అరగంట కూర్చున్నారు. ఆ అంకెలు నాకు చూపించలేదు, నేను అడగలేదు.

ఆ సాయంత్రం ఆయన తన కల్చర్ రిపోర్టు వెనక పెన్సిలుతో ఒక గ్రాఫ్ గీశారు. అడ్డంగా సంవత్సరాలు, నిలువుగా శాతాలు, మూడు చుక్కలు, వాటిని కలిపే గీత. 1960 దగ్గర కిందికి వాలే గీతను చుక్కలు చుక్కలుగా వదిలేశారు. అక్కడి శాతాలు నేను ఆయనకు చెప్పలేదు గనుక గట్టిగా గీయనన్నారు. స్వర్ణోత్సవం రోజున సైన్స్ గదిలో పెట్టే ప్రదర్శనకు ఆ కాగితం ఇచ్చాను. ముందువైపు ఆర్‌లు, ఎస్‌లు. వెనకవైపు ఆయన గీసిన గీత, మూలన మనందరి నోటుపుస్తకాల్లోనూ పెట్టిన ఆ పొట్టి సంతకం. రెండువైపులా కనిపించేలా అద్దాల మధ్య పెట్టించమని నిర్వాహకులను అడిగాను.